తాళం వేసిన పెట్టె

"సంతకం పెట్టండి, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యండి" అంటూ ఓనరు ఒక కాగితాన్ని టీచరమ్మ ముఖం ముందు ఆడించాడు. ఇల్లు వెచ్చగా ఉంచే బాయిలరు ఖర్చంతా ఇకనుంచి అద్దెకున్నవాళ్లదేనని అందులో రాసి ఉంది.

రిటైరైన టీచరమ్మ చేతికర్ర నేలకు ఆనించి, తన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల ఆమె కూతురు, నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డును గుండెలకు హత్తుకుని కూర్చుంది. గది చల్లబడితే పిల్ల దక్కడం కష్టమని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

"పెట్టను. ఆ ఖర్చు అద్దెలోనే కలిసి ఉందని చేరేటప్పుడు నువ్వే అన్నావు, నాయనా."

"ఇలా నా కొంప ముంచుతారని తెలియక అన్నాను. నాలుగు రాళ్లు వెనకేసుకుందామని ఈ ఇల్లు కొన్నాను. వచ్చిన అద్దె వచ్చినట్టే బాయిలరు మింగేస్తోంది. రాత్రీ పగలూ ఆగకుండా మండుతోందంటే మీరేదో కిటుకు చేస్తున్నారు."

"నువ్వు ఈ ఇంటికి పెట్టిన ఖర్చేమిటో చెప్పు ముందు. కుళాయి కారుతోందని మూడు ఉత్తరాలు రాశాను. మెట్ల కిటికీకి అద్దం లేదని నాలుగు. తలుపు గడియ ఊడిందని ఇంకో రెండు. ఒక్కదానికైనా జవాబిచ్చావా?"

"మెట్ల మీద కాపురం చేస్తారా, అద్దం కావాలనడానికి? మాట మార్చకండి. ఆ పెట్టెను ఏం చేశారు?"

పెట్టె అంటే మెట్ల మలుపులో గోడకు బిగించిన, గాలి ఆడే చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ పెట్టె. దానిలో ఒక మీట ఉంది. చుట్టూ గాలి చల్లబడితే ఆ మీట బాయిలరును వెలిగిస్తుంది, వెచ్చబడగానే ఆపేస్తుంది. రెండు నెలల కిందటి వరకూ అది టీచరమ్మ గదిలోనే ఉండేది. ఓనరుకున్న ఇంకో ఇంట్లోవాళ్లు అలాంటి మీట మీదే తడిగుడ్డ కప్పి ఏడాది పాటు అతని చెవిలో పువ్వు పెట్టారు. అప్పటినుంచి అతను ఎవరినీ నమ్మడం మానేశాడు. ఇక్కడి మీటను గదిలోంచి పీకించి, మెట్ల మీదికి మార్పించి, పైన పెట్టె బిగించి తాళం వేయించాడు. తాళంచెవి నిద్రలో కూడా అతని జేబు దాటదు.

"ఆ పెట్టె మీద నా చెయ్యి గానీ, నా కూతురి చెయ్యి గానీ పడిందని తేలిస్తే సాయంత్రానికల్లా సామాను సర్దేస్తాను" అంది టీచరమ్మ. "తేలకపోతే ఆ కాగితం నా కళ్ల ముందే చింపెయ్యాలి. సరేనా?"

"సరే. మాట తప్పకూడదు."

"నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు ఇది. నీ మాట సంగతి నువ్వు చూసుకో."

ఓనరు వెంట తెచ్చుకున్న మెకానిక్‌ను ముందుకు తోశాడు. మొదట ఆ పెట్టె బిగించింది కూడా అతనే. పాపం అతను తాళం చూశాడు, వైర్లు లాగి చూశాడు, కిందికి దిగి బాయిలరు విప్పి చూశాడు, మళ్లీ పైకి వచ్చి పెట్టె దగ్గర నిలబడి చేతులు రుద్దుకున్నాడు. ఓనరు మందపాటి కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, పెట్టెకు ముక్కు ఆనించి తడిగుడ్డ ఆనవాలు కోసం వెతికాడు. ఎక్కడా చుక్క తడి లేదు.

"ఎవరూ ముట్టుకోలేదు సార్" అన్నాడు మెకానిక్. "బాయిలరు గుండ్రాయిలా ఉంది. కాకపోతే ఒక్క మాట..."

"నీ కూలి పెంచే మాటైతే నోరు మూసుకో."

మెకానిక్ నోరు మూసుకున్నాడు. అంత మర్యాదగా చెప్పాక ఎవరు మాత్రం తెరుస్తారు?

"చింపు, నాయనా" అంది టీచరమ్మ.

ఓనరు పళ్లు కొరుక్కుంటూ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. రెండు మెట్లు దిగి, ఓడిపోయి వెళ్తున్నట్టు ఉండకూడదనుకున్నాడేమో, వెనక్కి తిరిగాడు.

"పోనీ, అడిగారు కాబట్టి ఆ కిటికీ అద్దమైనా వేయించమంటారా?"

"వద్దులే. మెట్ల మీద ఎవరు కాపురం చేస్తారు? నీకు దండగ ఖర్చు."

అద్దెకున్న మనిషి రిపేరు వద్దనడం ఓనరు తన జన్మలో మొదటిసారి విన్నాడు. ఆ ఒక్క లాభంతోనే ముఖం విప్పారి, చకచకా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మెకానిక్ పనిముట్లు సంచిలో సర్దుకుంటూ కిటికీ వైపు చూశాడు. అద్దం లేని ఆ కంతలోంచి చలిగాలి సూటిగా వచ్చి తాళం వేసిన పెట్టెను కొడుతోంది. మీట వెచ్చబడేదెప్పుడు, బాయిలరు ఆగేదెప్పుడు? లోపల పసిపిల్ల హాయిగా ఆవులించిన చప్పుడు వినిపించింది.

"ఆ అద్దం ఎప్పుడు పగిలిందమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు పెట్టె బిగించి వెళ్లిన మర్నాడు."

"అయితే మరి వేయించమని నాలుగు ఉత్తరాలు ఎందుకు రాశారు? ఆయన నిజంగా వేయించి ఉంటే ఏం చేసేవారు?"

"రాయకపోతే అనుమానపడేవాడు. వేయిస్తే మాత్రం ఏముంది?" అంది టీచరమ్మ. "మొదటిసారి పగలగొట్టిన కర్ర నా చేతిలోనే ఉందిగా."