తొందర లేనివాళ్ళు

బస్సు బోల్తాపడి, ఆస్పత్రి వరండా క్షతగాత్రులతో నిండిపోయింది. ఉన్నది ఒక్క డాక్టరే. వెంటనే చూస్తే బతికేవాళ్ళకి ఎర్ర రిబ్బను, ఇక ఆశ లేనివాళ్ళకి నల్లది కట్టుకుంటూ వస్తున్న నర్సు ఒక ముసలాయన దగ్గర ఆగిపోయింది.

ఆ ఆస్పత్రిలోనే అంబులెన్సు నడిపి రిటైరైన, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి. నాడి పట్టుకుని చూసింది. తల వంచుకుని నల్ల రిబ్బను కట్టింది.

చిన్న దెబ్బలతో బయటపడ్డ ఆయన భార్య ఆత్రంగా అడిగింది.

"ఎర్రవి కట్టినవాళ్ళని పరుగున లోపలికి తీసుకెళ్తున్నారు. ఈయనకి నల్లది కట్టావు. అంటే కంగారేం లేదనేగా, అమ్మా?"

నర్సు రిబ్బను ముడి మళ్ళీ సరిచేసింది.

"అంతేనే పిచ్చిదానా," అన్నాడాయన, ఊపిరి కూడదీసుకుంటూ. "మనకేం తొందర? నా పక్కన కూర్చో."

నల్ల రిబ్బను కట్టిన మనుషుల్ని ఆయన తన బండిలో ఎందరినో చూశాడు. ఆ సంగతి నర్సుకి గుర్తొచ్చింది.

"బాబాయ్..."

"నువ్వెళ్ళమ్మా. అవతల ఎవరో పిలుస్తున్నారు."

ఆవిడ హమ్మయ్య అనుకుంది. కొంగుతో భర్త ముఖం తుడుస్తూ, "వాళ్ళందరినీ చూశాకే రా తల్లీ. మేమెక్కడికీ పోంలే," అంది.

"అలాగే పిన్నీ," అంది నర్సు, ఆయన వైపు చూడలేక.