ఎక్కడ నొక్కాలి?

"ఆబ్–లా–మోస్. అంటే 'మనం మాట్లాడతాం'," అంది కోడలు, 'మోస్' మీద గట్టిగా నొక్కి.

మామగారు నీరసంగా కళ్ళు మూసుకున్నారు. ఏళ్ళ తరబడి స్పానిష్ పాఠాలు చెప్పిన మనిషి. పక్షవాతంతో నాలుక మొద్దుబారాక నోరు విప్పడమే మానేశారు. ముద్దముద్దగా వచ్చే మాట పరాయివాళ్ళ చెవిన పడితే చిన్నతనమని ఫోన్ కూడా ఎత్తరు. మాటలు నేర్పడానికి వచ్చిన డాక్టరమ్మని గుమ్మంలోంచే పంపేశారు. ఆయన మంచాన ఉండగా కాపురానికొచ్చిన ఈ కోడలు మాత్రం వదలదు. సాయంత్రం భాషల ఇన్‌స్టిట్యూట్ నుంచి వస్తూనే పుస్తకం తెరుస్తుంది. క్రియాపదాన్ని ముక్కలు చేయడం, ఏ ముక్క మీద నొక్కాలో అడగడం, తప్పు చెప్పడం.

"పరీక్ష ఉంది మామయ్యగారూ. పోతే పరువు పోతుంది."

"బ్... బ్లా. విడ... విడదీయకు. ఆ–బ్లా–మోస్. నొక్కు... మధ్యలో."

"మరి 'నేను మాట్లాడతాను' అనాలంటే? 'ఆబ్లో'కి చివర నొక్కాలి కదూ?"

"చివర నొక్కితే 'అతను మాట్లాడాడు' అవుతుంది! మొదట నొక్కు!"

విసుగులో మాట ఆగకుండా వచ్చేసింది. వంటింట్లో అత్తగారి చేతిలో గరిటె ఆగింది.

నెలలు గడిచినా కోడలి బుర్రకెక్కింది లేదు. నిన్న సరిగ్గా చెప్పింది ఇవాళ తప్పు. ఆయన కసిరేవారు, బల్ల మీద దరువేసి చెప్పేవారు, అలిసిపోయి కుర్చీలో వాలేవారు, మళ్ళీ లేచి చెప్పేవారు.

ఒకరోజు ఆమె చెప్పులు విడుస్తూనే తల దించుకుంది.

"తప్పాను మామయ్యగారూ."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు. "మీ టీచరుతో నేను మాట్లాడతాను. ఇంకో అవకాశం ఇమ్మంటాను."

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, వద్దండీ! ఆవిడ ఒకరి మాట వినే రకం కాదు."

"నాకన్నా మొండిదా?"

మర్నాడు కోడలు వెళ్ళాక ఆయన చేతికర్ర అందుకున్నారు. చెప్పాల్సిన మాటలు బస్సులో లోలోపలే వల్లె వేసుకున్నారు. ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కేసరికి ఆయాసం. కౌంటర్లో గుమాస్తా తలెత్తాడు. పరాయి మనిషి. ఆయన కౌంటరు మీద చెయ్యి ఆనించారు.

"స్పానిష్ టీచరుగారిని కలవాలి బాబూ. మా కోడలు మంచి పిల్ల, కష్టపడుతుంది. కాస్త నిదానం, అంతే. ఆ మాట చెబుదామని."

ఒక్క మాటా ముద్దగా రాలేదు. ఆయనే ఆశ్చర్యపోయారు.

"స్పానిష్‌కి మాకున్నది ఒక్కరే టీచరండీ. ఆ కుడివైపు గది."

తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయన చొక్కా సర్దుకుని లోపలికి తొంగిచూశారు.

బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతున్నది కోడలే.