పాలకాయలు ఏరిన పిల్ల

కాపరిగోడలు వచ్చాక పట్టణంలో ఏ ఇంటా ఎలుక మిగలలేదు. గోడలోంచి సన్నని ఈల వినిపించేది, ఎలుక చచ్చి పడేది. తరువాత బల్లులు పోయాయి, వెంటిలేటర్‌లో గూడు కట్టిన పిచ్చుకలూ పోయాయి. ఏది ఎలుకో తేల్చే అధికారం గోడకు ఎవరిచ్చారని సుభద్రమ్మ నిలదీస్తే, ఇల్లు శుభ్రంగా ఉంది కదా అన్నారందరూ.

ఆ ఉదయం మనవరాలు తొలిసారి పారాడింది. ఆనవాయితీ తప్పకుండా కోడలు హిమజ బియ్యప్పిండితో పాలకాయలు వేయించి, చల్లారాక పిల్ల ముందు దొర్లించింది. పిల్ల వాటి వెంట మంచం కిందికి దూరి, ఒకటి ఏరి నోట పెట్టుకుంది.

గోడ మృదువుగా పలికింది: "నేల మీద తిండి ఏరుకునే ప్రాణి కనిపించింది. దయచేసి గది ఖాళీ చేయండి."

"మీ మనవరాలు ఎలుకైపోయింది అత్తయ్యా," అని హిమజ నవ్వింది.

"నవ్వింది చాల్లే. ముందు ఆ గోడను ఆపవే."

హిమజ ఆపమంది. గొంతు పెంచి మళ్లీ ఆపమంది. గోడ వినలేదు. ఈల సన్నగా మొదలైంది.

సుభద్రమ్మ మోకాళ్ల మీద వంగి, మంచం కిందికి పాకి, పిల్లను పొట్ట కింద దాచుకుంది.

"సవరణ," అంది గోడ, అదే మర్యాదతో. "ప్రాణులు రెండు."