సూది దిగింది

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య మాది ఒంటరి ఇల్లు. గాలివానకు కూలిన రేడియో యాంటెన్నాను ఇంటి వెనక మళ్ళీ నిలబెట్టాం. నేను చక్రాల కుర్చీలోంచి లేవలేను కనక బయటి పనంతా నా భార్య ఓపల్‌దే. ఇంటి ముందువైపు కిటికీ దగ్గర కూర్చుని, సిగ్నల్ పంపేందుకు మైకు నొక్కి పట్టుకుని, రేడియో మీటరులో సూది చూడడం నా వంతు. సూది ఎంత కిందికి దిగితే యాంటెన్నా అంత బాగా కుదిరినట్టు. దాని పక్కన మనిషి నిలబడితే మాత్రం సూది దిగదు. అందుకే మర బిగించిన ప్రతిసారీ ఓపల్ ఇంటి ముందుకు వచ్చేసేది.

చీకటి పడింది. మైకు నొక్కాను. సూది పైనే ఉంది.

"యాంటెన్నా దగ్గర్నుంచి తప్పుకో ఓపల్!" అని అరిచాను.

"కళ్ళజోడు పెట్టుకో ముసలోడా! నీ ఎదురుగానే ఉన్నాగా!"

నిజమే. కిటికీ అవతల, వరండా దీపం కింద, పానా ఊపుతూ నవ్వుతోంది. సూది మాత్రం దిగలేదు.

"ఉండు, ఇంకో చుట్టు తిప్పొస్తా," అంటూ ఇంటి మూల తిరిగి చీకట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు దిగింది సూది. అంతసేపూ యాంటెన్నా పక్కన నిలబడ్డదేదో అక్కణ్ణుంచి కదిలింది.

"ఓపల్, వెళ్ళకు! వెనక్కొచ్చెయ్!"

చేలో ఆకుల గలగల ఆగిపోయింది.

ఈపాటికి ఆమె యాంటెన్నా దగ్గరికి చేరి ఉండాలి. చేరితే సూది పైకి లేవాలి. మైకు వదలకుండా, రెప్ప వేయకుండా చూస్తున్నాను.

సూది లేవలేదు. ఇన్నేళ్ళలో యాంటెన్నా ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.