రెండువైపులా

“సూదిమందు ఇంకా ఎక్కువ రాయండి డాక్టరమ్మా! ఏడేళ్ల పిల్ల మూడేళ్ల దానిలా ఉండాది!” వెంకటశేషమ్మ బల్ల చరిచింది. వస్తూనే ఆమె డాక్టరు ముందు పెట్టిన చిన్నకొడుకు పెళ్లి శుభలేఖ ఎగిరిపడింది.

“లాభం లేదమ్మా. వెన్నెల ఒంట్లో పెరుగుదల హార్మోను ఎక్కువే ఉంది. కణాల మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్లే సరిగ్గా లేవు. మీ మైపాడు ఒడ్డుకి పడవలొచ్చినా కట్టెయ్యడానికి గుంజ లేనట్టు. పుట్టుకతో వచ్చింది.”

వెంకటశేషమ్మ పక్కనున్న కోడలు వినీల మీద గుడ్లురిమింది. “అంతా నీ తల్లి వైపు నుంచే! మా రక్తంలో ఇట్టాంటివి లేవు.”

“ఒక్కవైపు నుంచి వస్తే ఈ జబ్బు రాదు,” అంది డాక్టరు. “తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రావాలి. మేనరికమా?”

వినీల పాపను ఒళ్లోకి లాక్కుంది. “బయట సంబంధం చూస్తానని మా నాయనంటే, అన్న కూతురు నా ఇంటికే రావాలని అన్నం మానేసిందెవరత్తా? నాలో ఉండేది నీ పుట్టింటి రక్తం కాదా? ఇప్పుడు మా చెల్లెల్ని నీ చిన్నకొడుక్కి అడిగిందెవరు?”

వెంకటశేషమ్మ మనవరాలి పొట్టి చేతుల్నే చూసింది.

తర్వాత బల్ల మీది శుభలేఖను తీసి సంచిలో పెట్టుకుంది.

“మా అన్నకి ఫోన్ కలపవే,” అంది.