పన్నెండో సీసా

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే విను, చెవి మాత్రం ఇటివ్వు. ఒక పేటలో చిన్న క్లినిక్కు. దాన్ని నడిపే మేనేజరమ్మ పొద్దున్నే వచ్చి తాళం తీసిందో లేదో, లోపల ఫోను మోగడం మొదలైంది.

"నిన్న మీరు పంపిన రక్తాల్లో పన్నెండో సీసా ఎవరిదమ్మా?" ల్యాబ్ ఆయన గొంతులో కంగారు. "పొటాషియం మరీ ఎక్కువుంది. రెండుసార్లు చేసి చూశాం. ఆ మనిషి గుండె ఏ నిమిషమైనా ఆగిపోవచ్చు. వెంటనే పట్టుకుని పెద్దాసుపత్రికి పంపండి."

మేనేజరమ్మ చెప్పులైనా విప్పకుండా రిజిస్టరు ముందుకు లాక్కుంది. పేర్లు పదకొండే ఉన్నాయి. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే.

"మగా, ఆడా? అదైనా చెప్పండి!"

"రక్తానికి మీసాలుంటాయా అమ్మా! సీసా మీద నంబరు చీటీ ఒక్కటే ఉంది."

"బాబాయ్!" అని ఆవిడ పెట్టిన కేకకి, రిజిస్టరు రాసే గుమాస్తా టీ గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"పేరు రాయకుండా ఎవరికీ సూది గుచ్చొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? గోడకి రాసి అంటించాను కూడా!"

"నా మీద పడతావేంటమ్మా? నా బల్ల దాటితే దోమనైనా పేరడుగుతా. నిన్న పదకొండు మందే."

"మరి పన్నెండో రక్తం ఆకాశంలోంచి ఊడిపడిందా?"

బాబాయి తల గోక్కున్నాడు. రక్తం తీసేది కొత్తగా చేరిన నర్సు. ఆవిడ డ్యూటీకి వచ్చేసరికి పది అవుతుంది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. బస్సులో ఉండి ఉంటుంది, ఫోను ఏ సంచి అడుగునో ఉండి ఉంటుంది.

ఎవరో వరసలో కూర్చోలేక వెనక తలుపులోంచి దూరి ఉంటారని మేనేజరమ్మ ఖాయం చేసుకుంది. ఆ మనిషి ఇప్పుడు ఏ పొయ్యి ముందో నిలబడి ఉంటుంది, లేదా ఏ బరువో ఎత్తుతూ ఉంటాడు. తనకేమీ లేదనుకుంటూ హాయిగా తిరుగుతుంటారు. ఆ ఊహ వచ్చాక ఆవిడకి కూర్చుంటే ముళ్ల మీద కూర్చున్నట్టయింది. అంబులెన్సు డ్రైవరుని పిలిపించి గుమ్మం ముందే బండి పెట్టించింది. కాలు కాలిన పిల్లిలా వరండాలోకి వచ్చింది.

"నిన్న పేరు రాయించకుండా రక్తం ఇచ్చిన వాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? తిట్టను, ఒట్టు. ప్రాణం మీదికొచ్చిన సంగతి!"

బెంచీ చివర ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. "నేనే తల్లీ."

"నిన్న మీరు రానేలేదుగా తాతా!"

"రాకపోతేనేం? ప్రాణం మీదికొచ్చిన వాణ్ని ముందు చూస్తావుగా. మోకాలు పొద్దున్నుంచీ ఒకటే సలుపు."

వరండా అంతా ఘొల్లుమంది. మేనేజరమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

"దర్జీ ఆవిడ నిన్న చాలాసేపు కూర్చుంది. ఎప్పుడు వెళ్లిందో చూడలేదు," అంది పసిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి.

అంతే. మేనేజరమ్మ రెండు వీధులు దాటి, లిఫ్టు పాడైన మేడలో నాలుగంతస్తులు ఎక్కింది. దర్జీ ఆవిడ మెడలో టేపుతో తలుపు తీసింది.

"రక్తమా? అమ్మో, నాకు సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయక్కా!"

"పొద్దస్తమానం సూదులతోనేగా నీ పని!"

"అవి గుడ్డలో దిగుతాయి, నాలో కాదుగా. అందుకే నిన్న నా వంతు రాకముందే పారిపోయా."

మళ్లీ నాలుగంతస్తులు దిగింది. వీధిలో ఎదురైన ప్రతి మొహాన్నీ నువ్వేనా, నువ్వేనా అన్నట్టు చూస్తూ నడిచింది. కూరల బండి తోస్తున్న అతణ్ని ఆపి అడిగింది. ఇస్త్రీ చేసే ఆవిడని అడిగింది. ల్యాబ్ నుంచి మళ్లీ ఫోను. "దొరికారా అమ్మా?"

"లేదు బాబూ!" అంటూనే అడుగుల వేగం పెంచింది. తన క్లినిక్కుని నమ్మి చెయ్యి చాపిన మనిషి, తన నిర్లక్ష్యం వల్ల పోతే ఇక ఆ కుర్చీలో ఎలా కూర్చోవడం?

రొప్పుతూ క్లినిక్కు మెట్లెక్కేసరికి నర్సు ఎదురుగా వస్తోంది. పిల్లల పెంపకంలో పడి పదేళ్లు ఇంట్లోనే ఉండి, ఈ వారమే మళ్లీ ఉద్యోగంలో చేరిన మనిషి. మేనేజరమ్మ ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"పన్నెండో సీసా ఎవరిది? ఆ మనిషి గుండె ఆగిపోయేలా ఉందట! పేరు రాయకుండా ఎవరికి గుచ్చావు?"

నర్సు మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అది... పంపకూడనిది మేడమ్. పారేద్దామని పక్కన పెట్టాను. మర్చిపోయి మిగతా వాటితో పాటు చీటీ అంటించేశాను."

"తప్పొప్పులు తర్వాత! మనిషెవరు?"

నర్సు గబగబా కుర్చీ లాక్కొచ్చింది. "ముందు మీరు కూర్చోండి మేడమ్."

"ఇది కూర్చునే సమయమా? పేరు చెప్పవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

ఈ కథ గుర్తుపెట్టుకో తల్లీ, ఇరుగుపొరుగుకీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం నర్సు అన్న ఈ మాట దగ్గరికి వచ్చేదాకా నోరు జారకు.

"నా చెయ్యి వణుకుతోందని, రోగుల మీద వద్దు, ముందు నాకు గుచ్చి అలవాటు చేసుకో అని నిన్న చెయ్యి చాపింది మీరే కదా మేడమ్!"