ముందు వెళ్ళిన తెడ్లు

అది ఎనభై నాలుగు అక్టోబరు. సియెర్రా కొండల్లోని సరస్సు మీద ఆనందబాబు ఒక్కడే అద్దె పడవలో ట్రౌట్ చేపలు పడుతున్నాడు. నీళ్ళు చల్లబడ్డాక చేపలు పైకి వస్తున్నాయి. ఆ సంబరంలో పొద్దుగూకడం గమనించలేదు. పొగమంచు కమ్మేసి ఒడ్డు కనిపించకుండా పోయింది.

"జ్యోతీ!" అని గట్టున ఉన్న భార్య ప్రేమజ్యోతిని కేకేశాడు. జవాబు రాలేదు. చలికి వేళ్ళు కొయ్యబారాయి.

అప్పుడు ముందెవరో తెడ్లు వేస్తున్న చప్పుడు వినిపించింది. అతను ఆగితే అదీ ఆగింది. కదిలితే కదిలింది. భయమేసినా, వేరే దారి లేక దాని వెనకే వెళ్ళాడు. చాలాసేపటికి పడవ ఇసుకను తాకింది.

ప్రేమజ్యోతి టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చింది. "ఎంత టెన్షన్ పడ్డానో తెలుసా అండీ!"

"నా ముందొచ్చిన బోటేది?"

"ఏ బోటు? సీజన్ అయిపోయిందని మిగతావన్నీ నిన్ననే గట్టెక్కించి లాక్ చేసేశారట. నీళ్ళలో మీదొక్కటే."

ఇద్దరూ చెవులు రిక్కించారు. తెడ్ల చప్పుడు తిరిగి సరస్సు నడిమికి వెళ్తోంది. ఆనందబాబు చెయ్యెత్తి, "థాంక్యూ!" అని అరిచాడు.

చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత, తొందరేమీ లేనట్టు, నింపాదిగా సాగిపోయింది.